ముక్కుకు క్లిప్పు

టిబిలిసీ సిటీ కోర్టు, మూడో అంతస్తు.
నేను టైపిస్టుని.
ప్రమాణమైనా అబద్ధమైనా
నా వేళ్లకు ఒకటే బరువు.
దగ్గులు మాత్రం టైపు చెయ్యను.

ఇవాళ వాది ఎల్గుజా కోబాలియా, డెబ్భై ఒకటి.
కోటుకి ఒక గుండీ వేరే రంగు.
ఆయన గొంతుని ఎవరో ఎత్తుకుపోయారట.

ప్రతివాది లాయరు ఖతునా గారికి నవ్వాగలేదు.
"అయ్యా, తొంభై మూడులో
ఆ సినిమా క్యాసెట్టు మీకెవరిచ్చారు?"
తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాడనుకున్నాం.
"బెర్లిన్ నుంచొచ్చిన ట్రక్కు డ్రైవరు" అన్నాడు,
"బంగాళాదుంపల కింద పెట్టి తెచ్చేవాడు."

కరెంటు లేని చలికాలాలవి.
మా వీధికంతా ఒక జనరేటరు, ఒక టీవీ,
పదకొండు కుర్చీలు,
మిగతా వీధంతా మంచం మీద.
హీరో ఆయనే, హీరోని చంపేవాడూ ఆయనే,
ముద్దుకి ముందు అమ్మాయి నిట్టూర్పూ ఆయనే,
ఉయ్యాల్లో పసిపిల్ల ఏడిస్తే ఆ ఏడుపూ ఆయనే,
ఎక్కడా గొంతు పెంచకుండా
రేషన్ లిస్టు చదివినట్టు.
పోలీసులు పోల్చకూడదని
ముక్కుకు బట్టల క్లిప్పు పెట్టుకుంటాడని
పిల్లలం చెప్పుకునేవాళ్లం.
మేమూ పెట్టుకుని చూశాం. నొప్పి.

ఇప్పుడో యాప్ వాళ్లు
ఆ సినిమాలన్నీ డబ్బిచ్చి కొన్నారు,
రసీదులున్నాయి, లైసెన్సులున్నాయి.
బొమ్మ మీదికి పాత క్యాసెట్లలోంచి
ఆయన గొంతుని మాత్రం ఊరికే గీసి పూశారు.
ఆనాటి రుచి అని దానికి నెలనెలా చందా.

"సొంతదారుకి మేం కట్టాం" అంది ఖతునా గారు,
"ఈయన ఎవరికి కట్టాడు?
ఎవరబ్బ సొమ్మని ఆ బొమ్మ మీద మాట్లాడాడు?"

ఆయన చాలాసేపు గుండీతో ఆడాడు.
"మాటలు వాళ్లవే.
కానీ నాకు జర్మన్ సగమే వచ్చు.
రాని సగం అప్పటికప్పుడు అల్లేశాను.
ఆ తప్పులు నావి.
తప్పుల మేరకే అడుగుతున్నాను."

జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.
తుడిచినవే మళ్లీ తుడిచారు.

మా ఇంట్లో కరెంటు పోతే అమ్మ అనేది:
దీపం పోలేదు, కునుకు తీస్తోంది,
బూట్లు విప్పకండి.
ఆ క్యాసెట్టులోని కెప్టెన్ మాట అది.
నిరుడు అదే సినిమా డబ్బు కట్టి చూశాను,
కింద సరైన అనువాదంతో.
కెప్టెన్ ఒక్క ముక్కే అంటాడు అక్కడ:
రైలు ఆపండి.

"గొంతు మీదేనని రుజువు?" అడిగారు జడ్జి.
నిజమే, ఇందాకట్నుంచీ మాట్లాడుతున్న ముసలాయనది
ఎక్కడా విన్న గొంతు కాదు.
"క్లిప్పు కావాలి" అన్నాడు.
కోర్టులో లక్కుంది, గుండుసూదులున్నాయి,
ఎనిమిది రకాల ముద్రలున్నాయి,
బట్టలారేసే క్లిప్పు లేదు.
రెండు వేళ్లతో ముక్కు పట్టుకున్నాడు.

దీపం పోలేదు, అన్నాడు.

తలుపు దగ్గర జవాను టోపీ తీశాడు, ఎందుకో.
ఖతునా గారి పెదాలు
ఆయనకంటే అర క్షణం ముందే
బూట్ల దాకా వెళ్లిపోయి
టక్కున మూసుకున్నాయి.
నేను చూశాను. రికార్డులోకి రాదది.

తీర్పు వాయిదా.

సాయంత్రం మూడు ప్రతులు తీయాలి,
ఒక్కోదాని మీదా ముద్ర:
అసలుకు సరియైన నకలు.
ఆ వాక్యం దగ్గర వేళ్లు ఆగాయి.
కొటేషన్ గుర్తులు పెట్టాలి సరే,
ఎవరి మాటని?
అననే అనని కెప్టెన్‌దా,
అర్థంకాక అనేసిన ఎల్గుజాదా,
అన్నేళ్ల చీకట్లో దాన్ని అరగదీసిన మా అమ్మదా?

గుర్తుల్లేకుండానే కొట్టేశాను.
మూడు ప్రతులూ ఫైల్లో పెట్టాను.
నాలుగోది, ఎవరూ అడగనిది,
నా సంచిలో,
పొద్దున కొన్న బంగాళాదుంపల కింద.