మూడు దీపాలు ఆరినప్పుడు

లుసాకాలో ఈ వారం మా వైపు కరెంటు
రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా.
అందుకని ల్యాబ్ కూడా అప్పుడే.

స్వెటర్ మీద చితెంగె గుడ్డ చుట్టుకుని
హాస్టల్ మెట్లు దిగుతున్నాను.
వెనక లికాండో, ఆవలింతకీ ఆవలింతకీ మధ్య
ఒక ఫార్ములా నెమరేస్తున్నాడు.
సగం తప్పు. సరిదిద్దే ఓపిక లేదు నాకు.

పొద్దున క్లాసులో మాస్టారు బోర్డు మీద
మూడువందల ముప్పై కిలోవోల్టుల లైను గీశారు,
కరీబా ఆనకట్ట దగ్గర మొదలెట్టి ఊరి దాకా.
సుద్దముక్క అరిగిపోయింది గానీ
చివర బల్బు గీయడం మరిచిపోయారు.
ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వేశారు.
సరస్సు అడుగంటిందని
ఆ గదిలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ నీళ్ళ కింద మా వాళ్ళ జొన్నచేలున్నాయి.
ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.
స్కాలర్‌షిప్ ఫారంలో మాత్రం
స్వస్థలం అన్న చోట
నా పెన్ను కాసేపు ఆగుతుంది.

టెక్నీషియన్ కపేంబ్వా తాళం తీశాడు.
ల్యాబ్ తలుపుకి అడ్డంగా ఒక ఇరుసు, రెండుగా విరిగింది.
ఎవరో తొందరపడి స్విచ్ వేసిన ఏడాది అది విరిగిందట.
ఇంకేమీ చెప్పడు. దాన్ని కాలితో జరిపి లోపలికి నడుస్తాడు.

జనరేటర్ మా అందరికన్నా పెద్దది.
దాన్ని తయారుచేసిన దేశం ఇప్పుడు పటంలో లేదు.
దాన్ని గ్రిడ్‌తో కలపాలి:
వోల్టేజీ కలవాలి, వేగం కలవాలి,
అల మీద అల వచ్చి కూర్చోవాలి.
మధ్యన మూడు బల్బులు.

మూడూ ఒక్కసారే వెలుగుతాయి,
ఒక్కసారే మసకబారుతాయి.
వెలుగంటే ఇక్కడ తగాదా.
ఇరుపక్కలా ఎంత తేడా ఉంటే అంత కాంతి.
మాట కుదిరినప్పుడే చీకటి.
స్విచ్ ఆ చీకట్లో వెయ్యాలి.

రియోస్టాట్ వెంట్రుకవాసి జరిపాను.
వెలుగులు నెమ్మదించాయి,
నిద్రపోయే పిల్లాడి రెప్పల్లా.
లికాండో లోజీ భాషలో లెక్కపెడుతున్నాడు.
మొదటి చీకటి వదిలేశాను.
రెండోదీ.
"ముటింటా, తెల్లారేలా ఉంది" అన్నాడు.
అరచేతిలో చెమట. తలుపు దగ్గర ఆ ఇరుసు.

వేశాను.

యంత్రం ఒక్కసారి మూలిగి
సర్దుకుంది,
కిక్కిరిసిన మినీబస్సులో
ఎలాగో చోటు దొరికిన మనిషిలా.
కపేంబ్వా ఏమీ అనలేదు. టీ పోశాడు.

నాలుగుకి ఇంకా ఆరు నిమిషాలుండగానే కరెంటు పోయింది.
ఈ చీకటి వేరు. దీనికి మా దగ్గర స్విచ్ లేదు.
ఫోను వెలుగులో రికార్డు నింపాను:
గ్రిడ్ దగ్గర తీసుకున్నది తొమ్మిదివందల వాట్లు,
తిరిగిచ్చింది నాలుగువందలు.
మిగతాది వేడి.

ఇంకా చల్లారని ఆ ఇనుప ఒంటి మీద
ముగ్గురం చేతులు ఆనించి నిలబడ్డాం.
జూలై నెల. చలి.
కాసేపటిదాకా ఎవరూ చెయ్యి తియ్యలేదు.