రెండు కిలోల ఉప్పు

మంగళవారం మంగళవారం
రెండు కిలోల ఉప్పు బకెట్లో కరిగించి
ఆవా నేరాలో పారబోస్తాను.
మా లోయ మాటల్లో ఆవా అంటే నీళ్ళు,
నేరా అంటే నలుపు.
కొత్తవాళ్ళు చూస్తే పిచ్చిదనుకుంటారు.
నేను లాడీనా కడుఫ్‌ని,
ఏటికి ఉప్పు పెట్టి నిజం చెప్పించడం నా ఉద్యోగం.

అరవై మీటర్ల దిగువన
రాళ్ళ మధ్య గుచ్చిన మీటరు
ఉప్పు వస్తోందని ముందు గొణుగుతుంది,
తర్వాత అరుస్తుంది,
తర్వాత మెల్లగా మరిచిపోతుంది.
ఆ అరుపు ఎంత పలచనైతే ఏట్లో అన్ని నీళ్ళు.
పదకొండేళ్ళయింది,
నా ఉప్పు తిన్న ఏరు
ఒక్కసారీ అబద్ధమాడలేదు.

చట్టంలో ఉన్న అంకె యాభై.
సెకనుకు యాభై లీటర్లు.
పైన గోడ, కొండ కడుపులో సొరంగం,
సొరంగం అవతలి కొసన ఎవరివో దీపాలు.
ఎంత మళ్ళించుకున్నా
యాభై మాత్రం కిందికి వదలాలి:
ఏటి సొమ్ములోంచే ఏటికి మనోవర్తి.
నలభై తొమ్మిదైతే నేరం,
యాభై ఒకటైతే దుబారా.

ఆ అంకె ఎలా పుట్టిందంటే,
చేపలవాళ్ళు ఎనభై అన్నారట,
కంపెనీ వకీలు ఇరవై అన్నాడట,
భోజనాల వేళకి యాభై అయింది.

గేటు దగ్గర ప్లాచీ డెరుంగ్స్ ఉంటాడు.
ఒక ఏడు ఫిబ్రవరిలో నలభై ఆరు దగ్గర పట్టుకున్నాను.
జరిమానా కంపెనీ కట్టింది,
పలకరింపు అతను మానేశాడు.
అప్పట్నుంచీ నన్ను చూడగానే
గేటు చక్రానికి గ్రీజు రాయడం గుర్తొస్తుంది అతనికి.

ఈ ఆగస్టులో మీటరు మరీ గట్టిగా అరిచింది.
లెక్క వేశాను. ముప్పై ఎనిమిది.
మళ్ళీ వేశాను. ముప్పై ఎనిమిదే.
కలం కత్తిలా పట్టుకుని
నాలుగు వందల మెట్లెక్కాను.

గేటు బార్లా తెరిచి ఉంది.
సొరంగం నోట్లో, తడి లేని సిమెంటు మీద,
ప్లాచీ కూర్చుని రొట్టె తింటున్నాడు.
"వచ్చిందంతా వదిలేశాను," అన్నాడు
మూడేళ్ళ తర్వాత నాతో మొదటి మాట,
"చుక్క తీసుకుంటే ఒట్టు."

గోడకు ఎగువన కూడా కొలవాలి కదా!
నా ఉప్పు అయిపోయింది.
అతను లోపలికెళ్ళి
జున్నుకి దాచుకున్న సంచీ తెచ్చాడు,
తనే కరిగించాడు, తనే పోశాడు.
మీటరు దగ్గర మోకాళ్ళ మీద నేను.
ఇప్పుడు ఏరు తిన్నది అతని ఉప్పు,
అయినా అదే మాట చెప్పింది.
ముప్పై ఎనిమిది.

ఇద్దరం తలెత్తి చూశాం.
చిన్నప్పుడు స్కూలు కిటికీ నిండా ఉండే మంచు
ఇప్పుడు రాతి భుజం మీద
ఆరేసి మరిచిపోయిన తువ్వాలంత.

రానిదాన్ని వదలమని చట్టం అడగదు,
కంపెనీది తప్పు కాదంటుంది.
ఎవరిదో అనదు.
ఫారంలో మాత్రం ఒక గడి ఉంది:
ఉల్లంఘించినవారి పేరు.
"నాది రాసెయ్," అన్నాడు ప్లాచీ,
"ఖాళీగా పంపితే ఆఫీసు వెనక్కి కొడుతుంది."
నవ్వుతున్నాడేమో అని చూశాను.
నవ్వట్లేదు.

అంకె రాశాను, తేదీ రాశాను, సంతకం చేశాను.
గడి అలాగే ఉంది.
వంతెన కింద గుంటలో
నాలుగు ట్రౌట్ చేపలు, ఒకదాని వీపు ఎండలో.

మంగళవారం మళ్ళీ రావాలి.
ప్లాచీకి రెండు కిలోల ఉప్పు బాకీ.