సున్నపు గీత

ఆ సెప్టెంబరులో నాకు పందొమ్మిదేళ్లు.
చేతిలో సున్నపు బాల్చీ, పందివెంట్రుకల కుంచె.
ముందు అమెరికా లెఫ్టినెంటు, వెనక పటం మోసే గుమాస్తా,
పక్కన యుగోస్లావు సైనికుడు, కొత్త బూట్లు కరిచి కుంటుతూ.
కూలి లీరాల్లోనా దీనార్లలోనా అని అడిగితే
అదింకా తేలలేదన్నారు.
రోజుకు రెండు సిగరెట్ పెట్టెలకు ఒప్పుకున్నాను.

పారిస్‌లో ఎవరో పటం మీద గీత గీశారట.
పెన్సిలు మొన అరిగిందో, ఆ పెద్దమనిషికి భోజనం వేళయిందో,
ఆ గీత మందమే మా నేల మీద ఇరవై అంగలు.
ఇరవై అంగల్లో ఏముంటాయో ఆయనకేం తెలుసు?
మిల్కా వాళ్ల ద్రాక్షపందిరి,
ఒక కోళ్లగూడు,
ఒక పాక, అందులో నెలలు నిండిన ఆవు.
"ఎటు వేయమంటారు?" అన్నాను.
లెఫ్టినెంటు గుమాస్తాను చూశాడు.
గుమాస్తా పటాన్ని చూశాడు.
పటం ఎవరినీ చూడలేదు.

పాక నడిమధ్య నుంచి వేశాను.
ఆవు తల ఇటలీలో, పొదుగు యుగోస్లావియాలో.
మిల్కా ఏడవలేదు.
ఆవును తిప్పి కట్టి, చూసి,
మళ్లీ తిప్పి కట్టింది.

మా అమ్మ యుస్తీనా చక్రవర్తి కాలంలో పుట్టింది,
వియన్నా రైలుకు చెయ్యి ఊపుతూ పెరిగింది.
పెళ్లినాటికి రోము రాజు.
బడిలో నా పేరు ఆల్బిన్ కొట్టేసి ఆల్బీనో అని రాశారు,
చివర ఒక అచ్చు తగిలిస్తే మనిషి తమవాడైపోతాడని.
తర్వాత జర్మన్లు.
తర్వాత నలభై రోజులు కొండల్లోంచి దిగినవాళ్లు.
ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు, వాళ్ల టీ, వాళ్ల తెల్లరొట్టె.
అమ్మ గడప దాటలేదు.
దేశాలే ఒకదాని వెనక ఒకటి లోపలికొచ్చాయి,
బూట్లు విడవకుండా.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు.
మాకు పిల్లులు నాలుగు:
వాషింగ్టన్‌దొకటి, లండన్‌దొకటి, మాస్కోదొకటి, పారిస్‌దొకటి.
పాపం, వాటికీ ఒకదానంటే ఒకదానికి భయమే.

శ్మశానం దగ్గర నా చెయ్యి ఆగింది.
గీత మా నాన్న మీంచి పోతోంది.
లెఫ్టినెంటు నాకంటే నాలుగేళ్లు పెద్దేమో,
ఒహాయోలో మొక్కజొన్న పండించేవాళ్ల పిల్లాడు.
టోపీ తీసి
నదివైపు తిరిగి నిలబడ్డాడు.
అటువాళ్లు ఈసోంజో అంటారు, మేం సోచా అంటాం.
ఏ పేరుతో పిలిచినా ఆగని నది.
అతను అటు తిరిగి ఉండగానే
గీతను రెండు అంగలు పక్కకు వంచాను.
నాన్న ఇటు ఉండిపోయాడు.
దాంతో పక్క సమాధి, దర్జీ ఉర్బన్‌ది, అటు పోయింది.
నా ఇంటికి నాలుగిళ్ల అవతల అతని భార్య ఫెలీచీతా,
ఆదివారం పువ్వులు పట్టుకొని బయల్దేరి
ముళ్లతీగ దగ్గర నుంచి వెనక్కి వచ్చేది.
పువ్వులు నా గుమ్మం ముందు పడేసి వెళ్లేది.
మాట మాత్రం లేదు.

సొంత ఊరికి సున్నం పెట్టినవాడన్నారు నన్ను.
కాదని ఎలా అంటాను?
పారిస్‌లో ఆ పెద్దమనిషికీ
ఎక్కడో ఒక నాన్న ఉండే ఉంటాడు.

నా సున్నం మొదటి చలికాలపు వానకే కరిగింది.
తర్వాత రాళ్లు పాతారు, కాపలాగుడిసె కట్టారు,
కుక్కల్ని పెంచారు.
అరవై ఏళ్లకు, ఒక డిసెంబరు అర్ధరాత్రి,
బ్యాండు వాయించి అడ్డుకర్ర కోసేశారు.
ఉపన్యాసాలు చలికి పొగలు కక్కాయి.
నేను శ్మశానానికి వెళ్లాను.
ఫెలీచీతా ముందే వచ్చి ఉంది,
ఉర్బన్ రాయి మీద మంచు చేత్తో తుడుస్తోంది.

"ఆ బాల్చీ ఇంకా ఉందా?" అంది, నావైపు చూడకుండా.
ఉందన్నాను. అడుగు తుప్పు పట్టిందని,
అందులో జెరేనియం వేశానని చెప్పాను.
"ఏ రంగు?" అంది.
చెప్పేలోగా లేచి వెళ్లిపోయింది,
తిన్నగా కాకుండా, రెండు అంగలు పక్కకు వంగి,
అక్కడ లేనిదాన్ని దాటకుండా.