దుంగ మీద ఇద్దరు

ఎస్తోనియాలో, వోరు ఊరి అవతల కోతమిల్లు.
జూన్ ఎండకి పైన్ దుంగలు జిగురు కారుస్తున్నాయి.
హెల్యు చేతిలో నీలం సుద్ద.
ముప్పై ఏళ్ల రంపం ఆమె ఎడమ చెవిని తినేసింది,
మిగిలిన చెవిని దుంగకు ఆనించి వింటుంది.
కర్ కర్.
లోపలెవరో తొందర లేకుండా నములుతున్నారు.
మీసాల పెంకుపురుగు బిడ్డ.

ఆ జాతి మగవాడొకడు పైనే తిరుగుతున్నాడు.
రాగి మెరుపు నల్లకోటు, బొటనవేలి కణుపంత ఒళ్లు,
దానికి రెండింతలు దాటిన మీసాలు.
మలుపు తిరగాలంటే ముందు అవి తిరగాలి,
వెదురుగడలు భుజానేసుకుని
ఇరుకు సందులోకి వచ్చినవాడి అవస్థ.
ఇంత పొడవెందుకయ్యా అంటే
ఆడదాని జాడ తడుముకోడానికి.

అటు కొసన కందిరీగ వాలింది.
దారమంత నడుము, తెల్ల చుక్కలు, ఎర్ర కాళ్లు.
ఈమె పొడవంతా వెనక.
గుర్రపు వెంట్రుకంత ములుకు,
దాని లోపల్నించే గుడ్డు జారాలి.
బెరడును తడుతూ, తడుతూ, ఒకచోట ఆగింది.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈవిడ పట్టింది.

నడుము పైకెత్తి, ఒళ్లంతా విల్లు చేసి
చెక్కలోకి దించుతోంది.
క్రేన్ మీంచి ఉర్మస్ అరిచాడు, "ఎత్తనా?"
హెల్యు అరచెయ్యి చూపించింది. ఆగు.
సగం ములుకు లోపలే ఉంది.

అతను దిగొచ్చి వంగి చూశాడు.
"ఒకటి మన కలప తింటుంది,
ఇంకోటి దాని పిల్లని తింటుంది.
అయితే ఈ నడుముది మనవైపేగా?"
"నీ కాఫీ చల్లారిపోతోంది" అంది హెల్యు.

లారీ ఆగింది. దాని వెనక ఇంకో లారీ.
మీసాలవాడు ఊగుతూ ఇటే వచ్చాడు.
కుడి మీసం కొస ఆమె ఎర్ర కాలిని తాకింది.
ఆడదే, కానీ తనది కాదు.
మీసం వెనక్కి తీసుకుని
చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.
కింద ఎవరి బిడ్డో, ఏమవుతోందో
అంత పొడవు మీసానికీ అందలేదు.

ఇరవై నిమిషాలకి ములుకు బయటికొచ్చింది.
కాళ్లు దులుపుకుని ఎగిరిపోయింది.

హెల్యు మళ్లీ చెవి ఆనించింది.
ఏమీ లేదు.
ఈ చెవి కూడా పోయిందా అని
పక్కనే గోటితో గీరి చూసుకుంది.
గోరు వినపడింది.

లేచి, మోకాళ్ల పొట్టు దులుపుకుని
దుంగ మొహం మీద నీలంగా రాసింది,
మూడో రకం.
తిన్నవాడు ఆగిపోయినా
తిన్న బొక్క పూడదు.
"ఎత్తు" అంది.