ఐదో తలుపు

అడ్వాన్సు తీసుకెళ్ళిన మొదటివాడి ఫోను
ఇప్పటికీ స్విచ్చాఫే.
యాసిడ్ కొడితే పూటలో పనైపోద్దన్నాడు రెండోవాడు,
కర్ర నల్లబడుద్దేమో అంటే నవ్వాడు.

నాగుల్‌మీరా సైకిలు గోడకానించి వచ్చి
బందు వెనక, ఎవరికీ కనపడని చోట
తాళంచెవితో రూపాయంత గీకాడు.
వాసన చూశాడు.
"నాలుగు పూతలు. అడుగున టేకు.
ఒక తలుపు చేస్తా, చూడండి.
లెక్క తర్వాత."

బ్రాడీపేట ఎండలో, వరండాలో
హీట్ గన్ ఊదుతుంటే
రంగు పాలమీది మీగడలా ముడతలు పడింది.
మాకు అమ్మినవాళ్ళ తెలుపు,
అద్దెకున్నవాళ్ళ చిలకాకుపచ్చ,
ఎవరిదో తెలియని నీలం,
ఇటుకరంగు ప్రైమరు.
మిర్చియార్డు ఘాటుకి చలించని మా ముక్కులు
దానికి తుమ్మాయి.

వంటింటి తలుపు దగ్గర ఆగిపోయాడు.
"అమ్మగారూ, ఇది వేప.
పుచ్చిన చోటల్లా లప్పం పెట్టి దాచారు.
గీకితే నాకు కూలి మిగులుద్ది,
మీకు తలుపు మిగలదు.
కొన్నిటికి రంగే మర్యాద."

సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్న లెక్కలో
ఐదుని కొట్టేసి నాలుగు చేశాడు.

ఇంటికొచ్చినవాళ్ళు
నాలుగు తలుపులూ నిమిరి చూస్తారు.
ఎవరు చేశారు, నంబరివ్వమంటారు.
ఇస్తాను.
ముందు వంటింట్లోకి తీసుకెళ్ళి
ఐదోది చూపిస్తాను.