నాలుగు అక్షరం ముక్కలు

జుగ్దీది బస్టాండులో వాన.
ఏటీఎమ్ నా కార్డు మింగేసి
మూతి తుడుచుకుని కూర్చుంది.
జేబులో పదకొండు లారీలు.
నవ్వకండి, జార్జియాలో డబ్బు పేరది.

పక్కనుండాల్సిన ఉగ్నే లేదు.
పొద్దున్నే బతూమి బస్సెక్కేసింది.
ఎనిమిది లారీల జున్ను రొట్టె దగ్గర మొదలైన మాట
"నువ్వెప్పుడూ ఇంతే" దాకా వెళ్ళింది.
మూడు వారాల స్నేహంలో
"ఎప్పుడూ" ఎంతుంటుంది గనక!
వాళ్ళ లిథువేనియాలో ఉగ్నే అంటే నిప్పట.
హాస్టల్లో మొదటిరోజు ఆ మాట విని
అయితే మా అగ్నికి చుట్టానివే అన్నాను.
చుట్టరికం ఇప్పుడు చురుక్కుమంటోంది.

ఈ ఊళ్ళో బోర్డులన్నీ
దూరం నుంచి మన రాతలాగే ఉంటాయి.
అవే సున్నాలు, అవే కొక్కేలు, ఆ వంపూ అదే.
ఇట్టే చదివేస్తానని దగ్గరికెళ్తానా,
ఒక్కటీ నోరు విప్పదు.
ఇరవై మూడేళ్ళొచ్చి, పట్టా పుచ్చుకుని
మందుల షాపేదో మంగలి షాపేదో తెలియక
అద్దాల తలుపులకి ముక్కు ఆనించి చూశాను.

ఆ రాత్రి జ్వరం.
త్సియాలా గారింట్లో అద్దె గది,
గోడకి జింక బొమ్మ తివాచీ.
నిన్న కొండ అంచున చేతులు చాచి దిగిన ఫొటోకి
అదృష్టమంటే నీదే అని
ఫోన్లో ఒకటే మోత.
ఆ అదృష్టవంతురాలు
బకెట్టు మీదికి వంగి ఉంది.
జింక ఒక్కటే నిజం చూసింది.

తలుపు తట్టకుండానే వచ్చింది త్సియాలా.
నా అరికాళ్ళకి వెనిగర్ రాస్తూ
ఎడాపెడా తిట్టింది.
తిట్లకి అనువాదం అక్కర్లేదు,
మేజోళ్ళు తడిగా ఉన్నాయని అర్థమైంది.

మర్నాడు ఆమె మనవడు జూరా
హాల్లో ఒక ఫొటో చూపించి "మామ" అన్నాడు.
ఓహో మీ మామయ్యా, అని నవ్వాను.
పళ్ళన్నీ కనపడేలా నవ్వాను.
వాళ్ళ భాషలో మామ అంటే నాన్న.
ఫ్రేము మూల నల్ల రిబ్బను
నాకు సాయంత్రం గానీ కనపడలేదు.
వాడు మాత్రం ఏమీ అనలేదు,
నా పళ్ళెంలో ఇంకో ఆపిల్ ముక్క పెట్టాడు.

మూడోరోజు బ్యాంకు వాళ్ళు
మిషను పొట్ట విప్పి కార్డు తీసిచ్చారు.
మెస్తియా వ్యానెక్కాను. పద్దెనిమిది మందిమి,
నా పక్క సీటులో ఉల్లిపాయల బస్తా.
ఎక్కడో ఒక మలుపులో మబ్బు పక్కకి జరిగి
ఉష్బా కనపడింది.
రెండు తలల కొండ, ఎండలో, మంచుతో.
డ్రైవరు ఆవులించాడు. ఒక పెద్దాయన
చొక్కా చేత్తో కిటికీ అద్దం తుడిచి
చూడు చూడు అన్నట్టు నా భుజం తట్టాడు.
ఏడుపొచ్చేసింది.
ఎత్తు వల్లో ఆకలి వల్లో మరి.
నువ్వూ చూడవే! అంటూ పక్కకి తిరిగాను.

ఉల్లిపాయలు.

తిరిగొచ్చాక జుగ్దీదిలో అదే బస్టాండు,
అదే సందు, అదే కొట్టు మీద
రోజూ దాటి వెళ్ళిన అదే నాలుగక్షరాల బోర్డు.
జూరా నేర్పిన ముక్కలు ఒక్కోటీ కూడబలుక్కుంటూ
ప
ఊ
ర
ఇ
"పూరీ!" అని అరిచేశాను నడిరోడ్డు మీద.
నూనెలో పొంగేది కాదు,
బావి లాంటి పొయ్యి గోడకి అతికించి కాల్చే
పడవంత రొట్టె.
నడుం దాకా పొయ్యిలోకి దూరి ఉన్న మనిషి
చెమటతో తల పైకెత్తి
ఎన్ని? అన్నట్టు చూశాడు.

రెండు వేళ్ళు చూపించాను,
అలవాటు కొద్దీ.

ఒకటి నిలబడే తిన్నాను, నాలుక కాల్చుకుంటూ.
రెండోది కాగితంలో చుట్టి
చొక్కా లోపల పెట్టుకున్నాను.
బతూమి బస్సు నాలుగున్నరకి.
అక్కడికి చేరేసరికి
గోరువెచ్చగా అయినా ఉండాలి.