పెయ్య తొట్టి

మా సుగుణమ్మత్త కథలు పుస్తకం చూసి చెప్పదు.
డిసెంబరు మంచులో, బొబ్బిలి అవతల మా పశువుల సాలలో
రెండున్నరేళ్ల ఎస్తేరుని చంకనేసుకుని
గేదెనే అడుగుతుంది:
"ఏటే, ఆ రాత్రి నువ్వేటి సేసినావే?"
గేదె నెమరేస్తుంది.
"ఇన్నావా గుంటా? ఎచ్చగా ఊపిరి ఇడిసిందట.
బాబుకి సలేత్తంది కదా మరి."

కోడి రెక్కలిప్పి ఈదురుగాలికి అడ్డం నిలబడిందట.
మేక మాత్రం...
"దాని మాటెత్తకు,
యోసేపు తువ్వాలు నమిలేసింది."
ఎస్తేరు ఒకటే నవ్వు.
మళ్ళీ మేక కావాలి. మళ్ళీ మేకే.

"పెయ్యో?"
"దాని తొట్టి బాబుకిచ్చేసింది."
"మరి బువ్వ ఎందులో తింది?"
అత్త గేదె వైపు చూసింది.
గేదె కూడా ఏమీ అనలేదు.

పండగ ముందు రాత్రి
చర్చిలో కట్టిన గడ్డిపాకలో మట్టి బాబు లేడు.
బెంచీల కింద టార్చిలైట్లు, పాస్టరుగారి కంగారు.

దొరికాడు, మా సాలలో.
ఒళ్లంతా తవుడు,
పెయ్య నాకి నాకి కళ్లూ ముక్కూ రంగు పోయి.
పక్కన ఎస్తేరు అన్నం పళ్ళెం,
దాన్నిండా పెయ్యకి కుడితి.

అత్త చెంగుతో తుడిచి తీసుకెళ్లింది.
ఆ యేడు మా ఊళ్లో ప్రభువు
ముఖం లేకుండా
కుడితి వాసనతో పుట్టాడు.